నెట్ స్లో అంటే ఎక్కడ స్లో?

"నెట్ స్లోగా ఉంది" అని హైదరాబాద్‌లో ఏ కంపెనీకి ఫోన్ చేసినా వచ్చే జవాబులు దాదాపు మూడే. "రౌటర్ ఆఫ్ చేసి ఐదు నిమిషాలాగి ఆన్ చేయండి సార్." "పైనుంచే ఇష్యూ ఉంది, రెండు గంటల్లో వచ్చేస్తది." "మా సైడ్ ఫుల్ స్పీడ్ వస్తోంది సార్, మీ ఫోన్‌లోనే ఏదో ఉంది." మొదటిది ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. రెండోది నిజమో కాదో తేల్చుకునే దారి మనకు లేదనుకుంటాం. మూడోది వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ మాట వింటున్నప్పుడు కూడా మన కళ్లముందు వీడియో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది మరి.

అయితే ఆ మూడో జవాబు చాలాసార్లు అబద్ధం కాదు. టెక్నీషియన్ పొద్దున పదకొండింటికి వస్తాడు. రౌటర్ పక్కనే నిలబడి, తమ కంపెనీ సర్వర్‌నే ఎంచుకుని స్పీడ్ టెస్ట్ పెడతాడు. 100 ప్లాన్‌కి 90 పైనే చూపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసుకుని కంప్లెయింట్ క్లోజ్ చేస్తాడు. మీ ఇబ్బందేమో రాత్రి తొమ్మిదిన్నరకి, వెనక బెడ్రూంలో, ఆఫీసు మీటింగ్ మధ్యలో. అతను కొలిచింది నిజమే, కానీ అది మీరు అడిగినదానికి జవాబు కాదు. ఫోన్ నుంచి రౌటర్ వరకు గాలిలో ఒక ముక్క, రౌటర్ నుంచి వీధి డబ్బా వరకు తీగ మీద ఒక ముక్క, అక్కడి నుంచి ఆపరేటర్ నెట్‌వర్క్, దాని తర్వాత బయటి ఇంటర్నెట్. దారిలో ఈ నాలుగూ ఉన్నాయి. ఒక్కో ముక్క ఒక్కో రకంగా పాడవుతుంది. ఏ ముక్కలో తేడా ఉందో తేల్చకుండా కంప్లెయింట్ ఇస్తే అది ఎన్నిసార్లయినా అలాగే క్లోజ్ అవుతుంది.

ముందు అంకెల గొడవ తేల్చుకుందాం. ప్లాన్ మీద ఉండే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు కంప్యూటర్ చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 100 ప్లాన్‌లో గరిష్ఠంగా కనిపించేది సెకనుకు 12.5 ఎంబీ. 1 జీబీ ఫైలుకి ఎంత బాగున్నా 80 సెకన్లు పడుతుంది. "వంద ప్లాన్ తీసుకుంటే పన్నెండే వస్తోంది" అన్న కంప్లెయింట్లకు అసలు సంగతి ఇదే.

ఇక స్లో అనే ఒక్క మాటలో మూడు వేరువేరు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. సెకనుకు వచ్చే డేటా తగ్గడం ఒకటి. అడిగిన దానికి జవాబు రావడానికి పట్టే సమయం, అంటే పింగ్, పెరగడం ఇంకొకటి. డేటా ప్రయాణించే చిన్న మూటలు, అంటే ప్యాకెట్లు, మధ్యదారిలో పోవడం మూడోది. పెద్ద ఫైళ్లు దించుకునేవాళ్లకి మొదటిది తగులుతుంది. వీడియో కాల్‌లో మాట ముక్కలుముక్కలుగా వినిపిస్తుంటే, ఆటలో తుపాకీ పేల్చిన అరసెకను తర్వాత పేలుతుంటే, అది రెండోదో మూడోదో. మంచి క్వాలిటీ వీడియో కాల్‌కి 3, 4 ఎంబీపీఎస్ చాలు. 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. అంటే 100 ప్లాన్ ఉన్న ఇంట్లో కాల్ ఆగిపోతుంటే 300 ప్లాన్‌కి మారినా అది ఆగుతూనే ఉంటుంది. కస్టమర్ కేర్‌లో "అప్‌గ్రేడ్ చేసుకోండి మేడం" అన్నప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. పోయే ప్యాకెట్లకు ఎక్కువ డబ్బు కట్టినంత మాత్రాన అవి రావడం మొదలుపెట్టవు. పైగా ప్యాకెట్ పోయిందని తెలియగానే డేటా పంపే సర్వర్ లైను రద్దీగా ఉందనుకుని తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నూటికి ఒకటి రెండు ప్యాకెట్లు పోయినా చాలు, పెద్ద ప్లాన్ చిన్న ప్లాన్‌లా నడుస్తుంది.

మీ ఇంటికి వచ్చేది ఏ తీగ?

"మాది కేబుల్ నెట్" అంటే తెలిసేదేమీ లేదు. ఒకప్పుడు టీవీ కేబుల్ వేసిన ఆయనే ఇప్పుడు ఫైబర్ లాగుతున్నాడు. రౌటర్ డబ్బా వెనక్కి తిప్పి తీగ చూడాలి.

మరచుట్టు ఉన్న లావుపాటి గుండ్రని కనెక్టర్ అయితే అది కోయాక్స్, అంటే టీవీకి వచ్చే తీగే. హాత్‌వే లాంటి కేబుల్ టీవీ సంస్థలు మోడెం పెట్టి నెట్ ఇచ్చింది దీని మీదే. ఆకుపచ్చ లేదా నీలం రంగు చిన్న ప్లాస్టిక్ కనెక్టర్‌తో సన్నటి తీగ వస్తే ఫైబర్. నేరుగా ల్యాన్ జాక్‌తో వైరొచ్చి రౌటర్‌లోకి దూరితే, ఫైబర్ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ దాకానో టెర్రస్ దాకానో వచ్చి ఆగిందన్నమాట. అక్కడ నెట్‌ని పంచే స్విచ్ డబ్బా ఒకటి, దాన్నుంచి ఒక్కో ఫ్లాట్‌కి ఒక్కో ల్యాన్ కేబుల్. హైదరాబాద్‌లో ఈ పద్ధతిని బాగా పెంచింది బీమ్ టెలికాం. ఆ సంస్థ తర్వాత యాక్ట్ చేతికి వెళ్లింది.

ఏ తీగ అయితే ఏ రోగమో కొంతవరకు ముందే చెప్పేయొచ్చు. సెల్లార్ స్విచ్ ఉన్నచోట కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోతుంది. పిడుగుపాటు వానలప్పుడు ఆ స్విచ్‌లో పోర్టులు కాలిపోవడం మామూలే. కోయాక్స్‌కి నీళ్లు పడవు. స్తంభం మీద కనెక్టర్‌లో తేమ చేరితే వానాకాలమంతా సిగ్నల్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఫైబర్‌కి తేమతో పెద్ద పేచీ లేదు గానీ మడత పడితే కాంతి బయటికి పోతుంది. ఇక మూడిటికీ ఉమ్మడి శత్రువు మన ఊరి స్తంభాలే. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్లను కోసేయడం మొదలుపెట్టారు. నగరంలో చాలాచోట్ల నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. కోసిన చోటల్లా మళ్లీ అతికి ఉంటారు. ఆ అతుకులన్నీ ఒకే ఓపికతో వేసి ఉంటారని అనుకోను. మీ వీధిలో కేబుళ్లు కోసిన నాటి నుంచే మీ నెట్ తేడాగా ఉంటే ఆ ముక్క కంప్లెయింట్‌లో రాయండి.

మొదటి గీత వైఫై దగ్గరే గీయాలి

నేను చూసినంతలో నెట్ స్లో కేసుల్లో పెద్ద భాగం ఇంటి గోడల లోపలే తేలిపోతుంది. అందుకే మొదట చేయాల్సింది ల్యాన్ కేబుల్ తెచ్చి ల్యాప్‌టాప్‌ని నేరుగా రౌటర్‌కి తగిలించడం. ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లూ టీవీ వైఫై నుంచి తీసేసి స్పీడ్ టెస్ట్ పెట్టాలి. వైరు మీద బాగా వచ్చి బెడ్రూంలో రాకపోతే ఆపరేటర్‌ని తిట్టుకుని లాభం లేదు. వైరు మీదా రాకపోతే వైఫై గురించి ఇక ఆలోచించనక్కర్లేదు. ల్యాన్ పోర్టున్న ల్యాప్‌టాప్ లేకపోతే, రౌటర్‌కి రెండు అడుగుల దూరంలో 5 గిగాహెర్ట్‌జ్ వైఫై మీద ఫోన్ పెట్టి చూసినా కొంత తెలుస్తుంది.

వైరు టెస్టులో ఒక అంకె ప్రత్యేకంగా పట్టుకోవాలి: 94. ప్లాన్ 200 అయినా 300 అయినా టెస్టు 94, 95 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంటే, మధ్యలో ఎక్కడో లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని అర్థం. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100 వేగానికి నారింజ జత, ఆకుపచ్చ జత చాలు. గిగాబిట్‌కి నీలం, గోధుమ జతలు కూడా కావాలి. తీగలకి జాక్ బిగించి నొక్కినప్పుడు, అంటే క్రింప్ చేసినప్పుడు, గోధుమ రంగు తీగ ఒక్కటి చివరిదాకా వెళ్లకపోయినా రెండు వైపుల పరికరాలూ కూడబలుక్కుని 100కి దిగిపోతాయి. నెట్ ఆగదు, లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. పాత అపార్ట్‌మెంట్లలో ఒకే కేబుల్‌లోని నాలుగు తీగలు ఒక ఫ్లాట్‌కి, మిగతా నాలుగు పక్క ఫ్లాట్‌కి ఇచ్చిన ఘనకార్యాలూ ఉన్నాయి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ 1000 అని ఉందో 100 అని ఉందో చూస్తే మీ రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య సంగతి తేలిపోతుంది. సెల్లార్ నుంచి వచ్చే వైరు సంగతి రౌటర్ పేజీలో (బ్రౌజర్‌లో 192.168.1.1 లాంటి రౌటర్ చిరునామా కొడితే తెరుచుకునేది) వ్యాన్ (WAN) లింక్ అన్నచోట ఉంటుంది. కంపెనీ ఉచితంగా ఇచ్చిన రౌటర్ పోర్టులే 100వి కావడం కూడా తక్కువేమీ కాదు. వాటి మీద 200 ప్లాన్ అమ్మడమే విడ్డూరం.

వైఫైలో గట్టి ఇబ్బంది ఇరుగుపొరుగు. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. ఒక్కో అంతస్తులో నాలుగైదు ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌లో ఆ మూడిటినీ చుట్టుపక్కల వాళ్లంతా పంచుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. రాత్రి వేళ నెమ్మదించడం చూసి ఆపరేటర్ లైనే రద్దీ అనుకుంటాం గానీ, ఒక్కోసారి ఆ రద్దీ గాలిలోదే. 5 గిగాహెర్ట్‌జ్‌లో చోటు ఎక్కువ, పొరుగువాళ్ల గోల తక్కువ, కానీ అది గోడలు అంత తేలిగ్గా దాటలేదు. కొండాపూర్, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో మైవాన్ పద్ధతిలో కట్టినవాటిలో లోపలి గోడలు కూడా కాంక్రీటే. రెండు గోడలు దాటితే 5 గిగాహెర్ట్‌జ్ చేతులెత్తేస్తుంది, ఫోను చప్పుడు చేయకుండా 2.4కి మారిపోతుంది. బిల్డర్ మహాశయుడు నెట్ పాయింటు ఇచ్చేదేమో మెయిన్ డోరు పక్కన గోడలో ఇనుప డబ్బాలో. రౌటర్‌ని ఆ డబ్బాలో పెట్టి తలుపు మూస్తే సిగ్నల్‌కి సంకెళ్లు వేసినట్టే. దాన్ని బయటికి తీసి, నడుం కంటే ఎత్తులో, ఇంటి మధ్యకి వీలైనంత దగ్గరగా పెట్టడం ఒక్క పైసా ఖర్చులేని పని. ఇంకా చాలకపోతే చవక రిపీటర్ కొనొద్దు. ఒకే రేడియో మీద విని, అదే రేడియో మీద మళ్లీ చెప్పాలి కాబట్టి స్పీడు సగానికి పడుతుంది. గోడ పైపుల్లోంచి ల్యాన్ వైరు లాగి రెండో గదిలో వైఫై ఇచ్చే ఇంకో డబ్బా, అంటే యాక్సెస్ పాయింట్, పెట్టుకోవడం మేలు.

రాత్రి తొమ్మిదిన్నర పరీక్ష

వైరు మీద కూడా స్లోగా ఉంటే ఇప్పుడు ఆపరేటర్ వంతు. ఇక్కడ టైము ముఖ్యం. పొద్దున బాగుండి రాత్రి తొమ్మిది, పదకొండు మధ్య కూలిపోతుంటే అది రద్దీ. రోజంతా ఒకేలా చెడ్డగా ఉంటే లైనులోనో పోర్టులోనో లోపం. నెలాఖరులోనే నెమ్మదిస్తుంటే డేటా పరిమితి దాటిందేమో చూసుకోండి. అన్‌లిమిటెడ్ అని అమ్మే చాలా ప్లాన్లకు నెలకి 3.3 టీబీ లాంటి గీత ఒకటి ఉంటుంది. ఇంటి కెమెరాలు, నాలుగు టీవీలు ఉన్నవాళ్లు తప్ప దాని దాకా వెళ్లేవాళ్లు తక్కువే. గంటకోసారి దానంతట అదే ఆగి మొదలవుతుంటే రౌటర్ అడాప్టర్ అరిగిపోయి ఉండొచ్చు, అదే రేటింగ్‌ది ఇంకొకటి పెట్టి చూడండి.

రద్దీ ఎక్కడ అన్నది పింగ్ చెబుతుంది. కమాండ్ విండో తెరిచి మొదట రౌటర్‌కి, అంటే 192.168.1.1 లాంటి చిరునామాకి పింగ్ పెట్టండి. వైరు మీద 1 మిల్లీసెకను దాటకూడదు. తర్వాత ట్రేస్‌రూట్ గూగుల్ సర్వర్ 8.8.8.8కి పెడితే దారిలో ఒక్కో మజిలీ వరసగా వస్తుంది. రౌటర్ తర్వాత కనిపించే రెండో చిరునామా మీ ఆపరేటర్ మొదటి పరికరం, చాలాచోట్ల అది 100.64తోనో 10తోనో మొదలవుతుంది. దానికి విడిగా పింగ్ పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. పొద్దున 3, 4 చూపించి రాత్రి 80కి ఎగిరితే, మధ్యమధ్య టైమౌట్ వస్తుంటే తేడా మీ వీధిలోనో ఆపరేటర్ గదిలోనో ఉంది. రెండో మజిలీ చక్కగా ఉండి ఆ తర్వాతవే చెడితే ఆపరేటర్ పైనుంచి కొనుక్కునే బ్యాండ్‌విడ్త్ చాలడం లేదు. "పైనుంచే ఇష్యూ" అనే మాట నిజమయ్యేది అప్పుడే. ఒక జాగ్రత్త: మధ్యలో ఒక్క మజిలీ దగ్గర మాత్రమే ప్యాకెట్లు పోయినట్టు కనిపించి, దాని తర్వాతవన్నీ బాగుంటే కంగారు పడకండి. చాలా రౌటర్లు పింగ్‌కి జవాబివ్వడాన్ని ఆఖరి పనిగా పెట్టుకుంటాయి. నష్టం అక్కడ మొదలై చివరిదాకా కొనసాగితేనే లెక్క.

స్పీడ్ టెస్టులో కూడా ఒక సర్వర్‌తో ఆగకూడదు. ఆపరేటర్ సొంత సర్వర్‌కి ఒకసారి, హైదరాబాద్‌లోనే వేరే కంపెనీ సర్వర్‌కి ఒకసారి, చెన్నైదో ముంబైదో ఎంచుకుని ఒకసారి పెట్టండి. సొంతదానికి 95, వేరేవాటికి 20 వస్తే ఆ తేడాయే మీ సాక్ష్యం. ఇంట్లో యూట్యూబ్ బాగా ఆడి మిగతావి ఏడవడం కూడా ఇదే కథ. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వీడియోలు చాలావరకు ఆపరేటర్ల దగ్గరే పెట్టిన సర్వర్ల నుంచి వస్తాయి, వాటికి బయటి దారి తొక్కే పని పడదు.

లైను ఆరోగ్యం గురించి డబ్బాయే కొంత చెబుతుంది. ఫైబర్ వాళ్లు రౌటర్ పేజీలో ఆర్‌ఎక్స్ ఆప్టికల్ పవర్ అన్న అంకె, అంటే డబ్బాకి అందుతున్న కాంతి బలం, చూడాలి. మామూలుగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం లోపల పనిచేస్తుంది. మైనస్ 25 దాటి కిందికి పోతే అంచున నడుస్తున్నట్టు. ఇది మూడు తగ్గితే కాంతి సగమైపోయిందని లెక్క. కానీ మైనస్ 18 ఉన్నాయన మైనస్ 22 ఉన్నాయన కన్నా ఏమీ వేగంగా వెళ్లడు. పరిమితి లోపల ఉన్నంతవరకు ఫైబర్ పూర్తి వేగమే ఇస్తుంది, అంచు దాటాకే తప్పులు దొర్లి, తర్వాత ఎర్రలైటు వెలుగుతుంది. పవర్ మైనస్ 20 ఉన్నప్పుడు "ఫైబర్ వీక్‌గా ఉంది సార్, అందుకే స్లో" అంటే నమ్మొద్దు. కోయాక్స్ వాళ్లకి చాలా మోడెంలలో 192.168.100.1 పేజీ తెరుచుకుంటుంది. డౌన్‌స్ట్రీమ్ పవర్ (ఇంటికి వచ్చే సిగ్నల్ బలం) ప్లస్ 7, మైనస్ 7 మధ్య, ఎస్ఎన్ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె) 33 పైన ఉంటే మంచిది. అప్‌స్ట్రీమ్ పవర్ (మోడెం బయటికి పంపే సిగ్నల్ బలం) 50 దాటి ఉంటే మోడెం గొంతు చించుకుని అరుస్తోందని అర్థం. టీవీకీ నెట్‌కీ కలిపి పెట్టిన పాత స్ప్లిట్టర్ తీసేస్తే చాలాసార్లు అది దిగివస్తుంది. కోయాక్స్‌లో ఇంకో పేచీ ఉంది. ఒక నోడ్, అంటే చుట్టుపక్కల ఇళ్లకు సిగ్నల్ పంచే పెట్టె, కింద ఉన్న ఇళ్లన్నీ అప్‌లోడ్ దారిని పంచుకుంటాయి. నాలుగిళ్ల అవతల ఎవరిదో వదులు కనెక్టర్‌లోంచి దూరే నాయిస్ మీ కాల్‌ని చెడగొడుతుంది. మీ ఇంట్లో ఎంత వెతికినా ఇది దొరకదు.

అప్‌లోడ్ అన్నాం కాబట్టి ఇంకో మాట. క్లౌడ్‌కి రికార్డింగ్ పంపే సీసీ కెమెరాలు, పెళ్లి ఫొటోలు బ్యాకప్ చేస్తున్న ఫోను కలిసి అప్‌లోడ్‌ని నింపేస్తే డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. డేటా అందిందని చెప్పే చిన్న జవాబులు ఆ వరసలోనే ఇరుక్కుంటాయి కాబట్టి. 10 ఉన్న పింగ్ 500కి పోవడం అప్పుడే చూస్తాం. పింగ్ నడుస్తుండగా ఒక పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టి చూడండి, తెలిసిపోతుంది. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు పోవాలో, ఎంత పోవాలో నిర్ణయించే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్‌ని ప్లాన్‌లో 90 శాతానికి కట్టేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

బయటి ప్రపంచం వల్ల వచ్చేవి తక్కువ, మన చేతిలో లేనివి. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు ఇండియాలో కూడా విదేశీ సైట్లు నెమ్మదించాయి. అమెరికా సర్వర్‌లో పనిచేసే హైటెక్ సిటీ ఉద్యోగికి 200 మిల్లీసెకన్ల పింగ్ ఉండటం దూరం వల్ల, ఆపరేటర్ వల్ల కాదు. ఆఫీసు వీపీఎన్ తీసేసి ఒకసారి చూస్తే ఎవరి తప్పో తెలుస్తుంది. ఇక డీఎన్ఎస్‌ని, అంటే సైటు పేరుకి అంకెల చిరునామా వెతికిపెట్టే సర్వర్‌ని, 1.1.1.1కి మారిస్తే నెట్ పరుగెడుతుందని వీడియోల్లో చెబుతుంటారు. పేజీ తెరుచుకునే మొదటి క్షణం బాగుపడొచ్చు, డౌన్‌లోడ్ వేగం పెరగదు.

ఇవన్నీ చేతిలో ఉన్నాక కంప్లెయింట్ రాయండి. ఫోన్‌లో కాదు, యాప్‌లోనో మెయిల్‌లోనో. "స్లోగా ఉంది" అని కాకుండా, "వైరు మీద, రాత్రి 9.30కి, మీ సర్వర్‌కి ఇంత, బయటి సర్వర్‌కి ఇంత, రెండో మజిలీ పింగ్ ఇంత" అని స్క్రీన్‌షాట్లతో. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంప్లెయింట్‌కీ డాకెట్ నంబర్, అంటే దాన్ని గుర్తుపట్టే నంబర్, ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు. అక్కడా పని జరక్కపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. టెలికం గొడవలను వినియోగదారుల కమిషన్లు వినొచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా. స్పీడు మీద కోట్లాడేముందు ఇంకోటి తెలియాలి: 2023 నుంచి ప్రభుత్వ నిర్వచనంలో 2 ఎంబీపీఎస్ ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ అన్న మాట మీద వాదించకుండా, మీకు అమ్మిన ప్లాన్ వివరాల మీద, అందులో రాసిన స్పీడు మీద పట్టుబట్టాలి.

కంపెనీ మార్చేద్దాం అనుకుంటే ఆరునెలల ప్లాన్ ముందే కట్టకండి. మీ బ్లాకులోనే ఆ కొత్త కంపెనీ నెట్ వాడుతున్నవాళ్లని వెతికి, రాత్రి తొమ్మిదిన్నరకి వాళ్లింటికి ల్యాన్ కేబుల్ పట్టుకుని వెళ్లి టెస్ట్ పెట్టి చూడండి. కొత్త తీగ కూడా పాత స్తంభం మీద నుంచే, పాత సెల్లార్ డబ్బాలోంచే వస్తుంటే, ఆ డబ్బా కరెంటు ఏ మీటర్‌కి కలిపారో, జనరేటర్ బ్యాకప్ ఉందో లేదో వాచ్‌మన్‌ని అడిగి కనుక్కోండి.